అమ్మానాన్నలతో అమెరికా ప్రయాణం: సగం చెకిన్ ఇంట్లోనే

చెల్లెలు చికాగోలో ఉంటుంది. అమ్మానాన్నలను తీసుకుని గుంటూరు నుంచి బయల్దేరాలి, విమానం శంషాబాద్‌లో తెల్లవారుజామున. టికెట్లు అబుధాబి మీదుగా తీయడానికి ఒకటే కారణం. అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ 2014 నుంచి అక్కడే జరుగుతోంది. అది అయిపోతే చికాగోలో దిగాక ఇమిగ్రేషన్ క్యూ ఉండదు, లోకల్ ప్యాసింజర్లలా బయటికి వచ్చేయవచ్చు. పదిహేను గంటల ప్రయాణం చేసిన పెద్దవాళ్లను మళ్లీ గంటలకొద్దీ నిలబెట్టక్కర్లేదన్న మాట. నా లెక్కలో టికెట్ ధరలో నాలుగు రూపాయల తేడా కంటే ఇదే ముఖ్యం.

ముందు రాత్రి బస గురించి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. కూకట్‌పల్లిలో బాబాయి వాళ్లిల్లు ఉందిగా అని నాన్న. నేను ఒప్పుకోలేదు. విజయవాడ హైవే మీద వచ్చేవాళ్లకు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఊళ్లోకి రాకుండానే శంషాబాద్ చేరొచ్చు. కూకట్‌పల్లి వెళ్లడమంటే నగరమంతా దాటి, రాత్రి భోజనాలయ్యాక ఆరు పెట్టెలతో మళ్లీ అంతా వెనక్కి రావడం. శంషాబాద్ ఊళ్లో లాడ్జి తీసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది, ధర ఫర్వాలేదు, లిఫ్టులో మాత్రం పెట్టె పట్టాక మనిషికి చోటుండదు. ఎయిర్‌పోర్టు డ్రాప్ ఉచితం అన్నారు. తీరా అర్ధరాత్రి కిందికి దిగితే "డ్రైవర్ దారిలో ఉన్నాడు సార్" అన్న మాట తప్ప బండి లేదు. కాసేపు చూసి క్యాబ్ పెట్టుకున్నాం. మళ్లీ వెళ్లినా లాడ్జినే తీసుకుంటాను గానీ బండి మాత్రం సాయంత్రమే మాట్లాడి పెట్టుకుంటాను. డబ్బు చూసుకోనక్కర్లేని వాళ్లకు ఎయిర్‌పోర్టు ఆవరణలోనే నోవోటెల్ ఉంది. పుష్పక్ బస్సులు రాత్రిళ్లు కూడా తిరుగుతాయి, ఒక పెట్టె, ఒక బ్యాగు ఉన్న కుర్రాళ్లకు అంతకు మించినది లేదు. పెద్దవాళ్లు, ఆరు పెట్టెలు అంటే ఆ ఊసు వద్దు.

ఇక అసలు సంగతి పెట్టెలు. ఎయిర్‌పోర్టుకు ఆరుగంటల ముందు వెళ్లాలా, నాలుగు గంటల ముందా అని అందరూ అడుగుతారు. ఏ వస్తువు ఏ పెట్టెలో ఉందో అడిగేవాళ్లు తక్కువ. ఇంట్లో సరిగ్గా సర్దుకున్నవాళ్లకు మూడున్నర గంటలు చాలు, సర్దుకోనివాళ్లకు ఆరైనా చాలవు.

మా టికెట్‌కు మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు, చేతి సంచి 7 కిలోలు. కొక్కేనికి వేలాడదీసి తూచే చిన్న కాటా కొన్నాం. ప్రతి పెట్టెనూ 22 దగ్గర ఆపేశాం, ఎందుకంటే మన కాటాకూ కౌంటర్‌లో కాటాకూ అరకిలో తేడా రావచ్చు. పచ్చళ్లు షాపులో అమెరికా ప్యాకింగ్ అని అడిగితే నూనె కారకుండా కవర్లో సీలు వేసి ఇస్తారు. దాన్ని ఇంకో కవర్లో పెట్టి, పాత తువ్వాలు చుట్టి, పెట్టె మధ్యలో ఉంచాలి. చేతి సంచిలో పచ్చడి వద్దే వద్దు. అక్కడ ద్రవాలేవైనా 100 మిల్లీలీటర్లు దాటని సీసాల్లో, అన్నీ కలిపి లీటరు పట్టే పారదర్శకమైన కవర్లో ఉండాలి. అందులో ఆవకాయకు మినహాయింపేమీ లేదు.

అమ్మ సర్దిన మూటలోంచి నేను తీసేసినవి చెబుతాను. మొదటిది ఎండు కొబ్బరి చిప్పలు. నూనె ఎక్కువ, నిప్పు అంటుకునే సరుకు కింద లెక్క, చెకిన్ పెట్టెలోనూ వద్దంటారు. కర్పూరం, అగ్గిపెట్టె కూడా అంతే. రెండోది గసగసాలు. మనకు మసాలా దినుసు, యూఏఈలో నిషిద్ధం. అక్కడ దిగేది విమానం మారడానికే అయినా ఆ పొట్లం దగ్గర ఉంచుకోవడం అనవసరమైన తలనొప్పి. ఇంట్లో కొట్టిన మసాలాపొడిలో అవి పడ్డాయేమో కూడా అడిగాను. పడ్డాయట, ఆ డబ్బా ఆగిపోయింది. కోడిపచ్చడి అమెరికాలోకి రానివ్వరు, మాంసం సరుకు కాబట్టి. పచ్చి కరివేపాకూ అంతే. "ఇంత కరివేపాకుకు కూడా భయమేనా" అని అమ్మ రుసరుసలాడింది. కందిపొడి, కారప్పొడి, నల్లకారం అన్నీ పెద్ద పెట్టెలోకి వెళ్లాయి. అమెరికా వెళ్లే విమానాల్లో చేతి సంచిలో పొడి సరుకు 350 మిల్లీలీటర్లు దాటితే విడిగా తనిఖీ చేస్తారు, 2018 నుంచి ఉన్న నిబంధన ఇది.

చేతి సంచిలోకి తప్పకుండా రావాల్సినవి బీపీ, షుగర్ మందులు, డాక్టర్ రాసిచ్చిన చీటీ, పవర్‌బ్యాంకు. పవర్‌బ్యాంకు చెకిన్ పెట్టెలో ఉంటే కౌంటర్ దాటాక వెనక్కి పిలుస్తారు. దాని మీద 100 వాట్ అవర్స్ లోపు అని రాసి ఉంటే గొడవ లేదు.

టెర్మినల్ గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్లకు టికెట్, పాస్‌పోర్టు చూపించాలి. దేశీయ ప్రయాణాల్లో అలవాటైన డిజియాత్ర (ముఖం చూపించి లోపలికి వెళ్లే యాప్) ఇక్కడ పనికిరాదు. నాన్నకు మోకాళ్ల నొప్పులు, వీల్‌చైర్ టికెట్‌తో పాటే అడిగాం. కౌంటర్ దగ్గర చెప్పగానే మనిషి వచ్చాడు, ఇమిగ్రేషన్ దాకా ఓపిగ్గా తీసుకెళ్లాడు. ఇదే అప్పటికప్పుడు అడిగినవాళ్లు కుర్చీల్లో ఎదురుచూడటం చూశాను. మా పక్క వరుసలో ఒక కుటుంబం పెట్టె నేల మీద తెరిచి, చీరల మధ్య నుంచి బెల్లం దిమ్మలు తీసి ఇంకో పెట్టెలో కుక్కుతోంది. మా ఆరు పెట్టెలూ ఒక్కటీ తెరవకుండా వెళ్లిపోయాయి.

సెక్యూరిటీ దగ్గర అమ్మ టెన్షన్ అంతా గాజుల గురించే. తీయమంటే రావు, సబ్బు పెట్టాలి. ఎవరూ తీయమనలేదు. తెర వెనక మహిళా సిబ్బంది చేతి యంత్రంతో చూసి, గాజుల దగ్గర కూత పెడితే ఒకసారి చూసి పంపేశారు. చిక్కు నాన్న దగ్గర వచ్చింది. బెల్టు తీశాడు, జేబులో చిల్లర తీశాడు, అయినా నడుము దగ్గర కూతే. చొక్కా పైకెత్తితే మొలతాడుకు బీరువా తాళాలు! ఇంట్లో ఎవరికీ ఇవ్వడట. జవాను నవ్వేసి ట్రే చూపించాడు. అవి ముడి విప్పేసరికి మా వెనక వరుస మొత్తం ఆగింది. పులిహోర పొట్లాలను మాత్రం ఏమీ అనలేదు. ఖాళీ నీళ్ల సీసా వెంట ఉంచుకుంటే లోపల నింపుకోవచ్చు, అక్కడ నీళ్లు కొనడం దండగ.

ఏటేటా పిల్లల దగ్గరకు వెళ్లివచ్చే వాళ్లుంటే, ట్రస్టెడ్ ట్రావెలర్ ప్రోగ్రామ్ కింద పేరు నమోదు చేయించుకోండి. 2025 జనవరి నుంచి హైదరాబాద్‌లోనూ ఉంది, మన ఇమిగ్రేషన్‌లో ఈ-గేట్ల (వాటంతటవే తెరుచుకునే గేట్ల) గుండా వెళ్లిపోవచ్చు.

అబుధాబిలో 2023 నవంబరులో తెరిచిన టెర్మినల్ ఎ బావుంది, కానీ నడక చాలా ఎక్కువ. అక్కడా సెక్యూరిటీ మళ్లీ మొదటి నుంచి, ఆ తర్వాత అమెరికా అధికారి. ఎన్నాళ్లుంటారు, ఎవరి దగ్గర అని అడిగి, తినే సరుకులున్నాయా అన్నాడు. ఉన్నాయి, పచ్చళ్లు, పొడులు, మిఠాయిలు అని చెప్పాం. మాంసం ఉందా అన్నాడు, లేదన్నాం. ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తే సరిపోయింది, దాచి దొరికితే జరిమానా. ఈ తతంగమంతా ఉన్నందున, వెళ్లేటప్పుడు విమానానికీ విమానానికీ మధ్య మూడు గంటలకు తగ్గకుండా చూసుకోవాలి, వీల్‌చైర్ ఉంటే ఇంకాస్త. వచ్చేటప్పుడు ఈ అమెరికా తనిఖీ ఉండదు కనుక తిరుగు టికెట్లు మాత్రం తక్కువ విరామం ఉన్నవే తీశాం.