శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్ గైడెడ్ వాక్: 5కి 4

అమ్మానాన్నలు వచ్చిన ప్రతిసారీ గోల్డెన్ గేట్ బ్రిడ్జి చూపించి, దారిలో చైనాటౌన్ గేటు దగ్గర నాలుగు ఫోటోలు తీసి ఇంటికి తెచ్చేసేవాణ్ణి. ఈసారి గైడ్‌తో మూడు గంటలు నడిచే టూర్ బుక్ చేశాను. కంపెనీ పేరు రాయట్లేదు, అక్కడ ఇలాంటివి చాలామంది నడుపుతున్నారు, నేను చెప్పేది దేనికైనా పనికొస్తుంది. 5కి 4 ఇస్తున్నాను, ఆ ఒక్కటి ఎందుకు కోశానో కింద ఉంది.

గైడ్ ఆ పేటలోనే పుట్టి పెరిగిన పెద్దావిడ. బుష్ వీధి మూల మీద డ్రాగన్ గేట్ దగ్గర మొదలుపెడుతూనే, ఇది 1970లో కట్టింది, పాతకాలం నాటిది అనుకోకండి అని చెప్పేశారు. గ్రాంట్ అవెన్యూలో కొంచెం ముందుకెళ్లాక సింగ్ చాంగ్ బిల్డింగ్ ఎదురుగా నిలబెట్టి పైకప్పు చూడమన్నారు. వంపు తిరిగిన ఆ పగోడా కప్పులు, రంగులు అన్నీ చైనా నుంచి వచ్చిన వాళ్లు తమ ఊళ్లు గుర్తొచ్చి కట్టుకున్నారనే నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. అసలు సంగతి వేరు. 1906 ఏప్రిల్ 18న భూకంపం వచ్చింది, వెంటనే మంటలు అంటుకుని పేట మొత్తం బూడిదైపోయింది. ఊరి పెద్దలు ఇదే అదను అనుకుని చైనావాళ్లందర్నీ ఊరి చివర హంటర్స్ పాయింట్‌కి పంపేయాలని చూశారు. అప్పుడు లుక్ టిన్ ఎలై అనే వ్యాపారి, ఆయనతో పాటు మరికొందరు కలిసి తెల్ల ఆర్కిటెక్టులని పెట్టుకుని, చైనా అంటే తెల్లవాళ్లు ఎలా ఊహించుకుంటారో సరిగ్గా అలాగే పేటని కట్టించారు. చూడ్డానికి జనం వస్తారు, వాళ్లతో పాటు డబ్బు వస్తుంది, డబ్బు తెచ్చే పేటని ఊరు వదులుకోదు, ఇదీ వాళ్ల లెక్క. ఈ లుక్ టిన్ ఎలై కాలిఫోర్నియాలోనే పుట్టిన మనిషి, అయినా 1884లో, పద్నాలుగేళ్ల వయసులో, చైనా నుంచి తిరిగొస్తుంటే ఇదే ఊరి రేవులో దిగనివ్వలేదు, కోర్టులో గెలిచి లోపలికొచ్చాడు.

ఇది విన్నాక ఆ కప్పులు నాకు ముందులా కనబడలేదు. లాస్ ఏంజెలెస్‌లో పాత చైనాటౌన్‌ని పడగొట్టి ఆ స్థలంలో యూనియన్ స్టేషన్ కట్టి 1939లో తెరిచారు, నేను ఆ స్టేషన్‌లో ఎన్నిసార్లు రైలెక్కానో, ఒక్కసారి కూడా ఈ సంగతి తెలీదు. ఇక్కడి పేట నిలబడిందంటే అందులో ఆ వ్యాపారుల తెలివి చాలా ఉంది.

వాషింగ్టన్ వీధిలో మూడంతస్తుల పగోడా కప్పుతో ఒక చిన్న బ్యాంకు ఉంది, ఒకప్పుడు అది చైనీస్ టెలిఫోన్ ఎక్స్ఛేంజి. నంబరు చెప్పి అడగడం మర్యాద కాదని జనం పేరు చెప్పే అడిగేవాళ్లట, అందుకని ఆపరేటర్ అమ్మాయిలు రెండువేల పైచిలుకు పేర్లు, ఎవరెక్కడ ఉంటారు, ఎవరిది ఏ యాస, అన్నీ కంఠతా పట్టేవాళ్లు. 1949లో డయల్ ఫోన్లు వచ్చి దాన్ని మూసేశారు. టెలిఫోన్స్‌లో పనిచేసి రిటైరైన నాన్న అక్కణ్ణుంచి ఒక పట్టాన కదల్లేదు.

గైడ్ గారు అన్నింటికంటే బాగా చెప్పింది కాగితపు కొడుకుల కథ. 1882లో చైనా కూలీలు రాకూడదని చట్టం తెచ్చారు, 1943 దాకా అది పోలేదు, పోయాక కూడా ఏడాదికి 105 మందికే వీసాలు. అయితే 1906 మంటల్లో ఊరి జనన రికార్డులు కాలిపోయాయి, దాంతో నేను ఇక్కడే పుట్టానని చెప్పుకోవడానికి చాలామందికి వీలైంది, అలా పౌరులైనవాళ్లు చైనాలో తమకు ఇంతమంది కొడుకులున్నారని రాయించి ఆ కాగితాలు వేరేవాళ్లకి అమ్మేవాళ్లు. వచ్చినవాళ్లని 1910 నుంచి 1940 దాకా ఏంజెల్ ఐలాండ్‌లో ఆపి ప్రశ్నలడిగేవారు: మీ ఇంటికి మెట్లెన్ని, పక్కింట్లో ఎవరుంటారు, బియ్యం ఎక్కడ పెడతారు. జవాబులు రాసుకున్న కాగితాలు ఓడలో బట్టీపట్టి, ఒడ్డు కనబడగానే సముద్రంలో పడేసేవాళ్లు. గైడ్ గారి తాత అలాగే వచ్చాడట, వాళ్లింటిపేరు ఇప్పటికీ ఆ కాగితం మీదిదే. ఆవిడ అది చెబుతుంటే గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు. కాన్సులేట్ ముందు క్యూలో నిలబడి, ఏమడుగుతారో అని టెన్షన్ పడని వాళ్లం మనలో ఎంతమంది ఉన్నాం?

అందుకే నాకు కోపం వచ్చిన చోటు కూడా రాయాలి. శాక్రమెంటో వీధిలో వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు పుట్టాడు, 1873లో. చైనా వెళ్లొస్తే నువ్వు పౌరుడివి కాదని 1895లో ఓడ దిగనివ్వలేదు, 1898లో సుప్రీంకోర్టు 6-2తో ఇక్కడ పుట్టినవాడు ఇక్కడి పౌరుడే అని తీర్పిచ్చింది. మా పాప పాస్‌పోర్టు ఆ వంటవాడి పట్టుదల వల్ల వచ్చిందే. ఆయన దగ్గర టూర్ ఆగింది రెండు నిమిషాలు! తర్వాత ఒక టీ షాపులో మాత్రం నలభై నిమిషాలు కూర్చోబెట్టి, ఏడు రకాల టీ రుచి చూపించి, డబ్బాలు కొనమని ఒకటే పోరు. పోయిన ఆ ఒక్క మార్కు అదే. బుక్ చేసేముందు షాపింగ్ ఆపు ఎంతసేపని అడగండి.

రాస్ ఆలీలో ఫార్చ్యూన్ కుకీ ఫ్యాక్టరీకి తప్పక వెళ్లండి, 1962 నుంచి నడుస్తోంది, ఇరుకు గది, లోపలికి అడుగుపెట్టగానే వెనీలా వాసన. గుండ్రంగా తిరిగే పెనాల మీద అరచేయంత దోసెల్లా పిండి కాలుతూ వస్తుంది. ఎదురుగా కూర్చున్న ఆవిడ వేడి వేడి బిళ్లని వేళ్లతో లేపి, చీటీ పెట్టి, సగానికి మడిచి, ఇనప కడ్డీ మీద వంచి పక్కన పడేస్తుంది. రెండు మూడు క్షణాల పని, ఆలస్యమైతే గట్టిపడి విరిగిపోతుంది. అమ్మ ఆవిడ వేళ్ల వంకే చూస్తూ, కాలట్లేదా అమ్మా అని తెలుగులోనే అడిగింది, ఆవిడ నవ్వి ఇంకా మడవని ఒక బిళ్ల చేతిలో పెట్టింది.

వేవర్లీ ప్లేస్‌లో టిన్ హౌ గుడి 1852లో మొదలైందంటారు, ఇప్పటి కట్టడం మాత్రం మంటల తర్వాతదే, సముద్రం మీద కాపాడే అమ్మవారు. పై అంతస్తుకి మెట్లెక్కాలి, మోకాళ్ల నొప్పులున్న వాళ్లు ఆలోచించుకోండి. మా అమ్మ ఆగి ఆగి ఎక్కింది. లోపల ఫోటోలు తీయకూడదు.

నాన్నని మీ దేశంలో చైనాటౌన్ ఉందా అని గైడ్ అడిగారు. కలకత్తాలో ఉంది, టాంగ్రాలో నూడుల్స్ తిన్నాను అన్నాడు. 1962 యుద్ధమప్పుడు మన దగ్గర పుట్టి పెరిగిన చైనావాళ్లని దాదాపు మూడువేల మందిని రాజస్థాన్‌లోని దేవలీ క్యాంపులో పెట్టిన సంగతి ఆయన ఎత్తలేదు, తెలిసినా నేనూ ఎత్తలేదు. ఆవిడ తన తాత కథ అంత విప్పి చెప్పాక మేం అలా ఊరుకోవడం నాకు ఇప్పటికీ బాగా అనిపించట్లేదు.

టూర్ అయ్యాక మీ అంతట మీరు స్టాక్టన్ వీధికి వెళ్లండి. అసలు పేట అక్కడే ఉంది. పైన చిన్న చిన్న గదులు, కిటికీల్లో ఆరేసిన బట్టలు, కింద కూరగాయల బుట్టల మీద వంగి బేరాలాడే ముసలమ్మలు. కాకరకాయ, బీరకాయ, బూడిద గుమ్మడి, ఎర్ర తోటకూర, అన్నీ మనవే. ఇక్కడ మాత్రం అమ్మకి గైడ్ అవసరం పడలేదు. తోటకూర కట్ట తీసి కాడ గిల్లి చూసింది, పక్కనున్న చైనా ముసలావిడ అది లాక్కుని పక్కన పడేసి, ఇంకో లేత కట్ట ఏరి అమ్మ సంచిలో వేసింది.