సీబీ నానోటూల్: ‘తెలియదు’ అన్న జవాబుకూ మార్కులు వేసే పట్టిక

కొత్త నానో పొడి, అంటే కంటికి కనపడనంత సన్నటి కణాల పొడి, ముందు ల్యాబ్‌లోకి వచ్చేస్తుంది. అది గాలిలో ఎంతవరకు ఉండొచ్చో చెప్పే పరిమితి ఏళ్ల తర్వాత గానీ రాదు. ఈలోపు దాన్ని తూకం వేసే మనిషికి ఏ రక్షణ ఇవ్వాలో తేల్చడానికి అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ నేషనల్ లాబొరేటరీ నిపుణులు తయారుచేసిందే సీబీ నానోటూల్ (సీబీ అంటే కంట్రోల్ బ్యాండింగ్: ప్రమాదాన్ని స్థాయిలుగా విడదీసి, స్థాయిని బట్టి రక్షణ ఎంచుకోవడం). 2008లో ప్రచురించారు, మరుసటి ఏడాది సవరించారు. ఉచితంగా దొరికే స్ప్రెడ్‌షీట్ ఇది.

హాని తీవ్రతకు 100 మార్కులు, అది మనిషికి సోకే అవకాశానికి 100. తీవ్రతలో 70 నానో రూపానివి: ఉపరితల చురుకుదనం, ఆకారం, వ్యాసం, కరిగే గుణం ఒక్కోదానికి 10; క్యాన్సర్, పునరుత్పత్తి, జన్యు మార్పులు, చర్మం, ఆస్తమా ఒక్కోదానికి 6. మిగతా 30 అదే పదార్థపు మామూలు రూపానివి. అవకాశం వైపు దుమ్ము లేచే గుణానికి 30, వాడే పొడి పరిమాణానికి 25. ఎంతమంది, ఎన్నిసార్లు, ఎంతసేపు అన్నవాటికి 15 చొప్పున. రెండు మొత్తాలూ కలిసే గడిలో స్థాయి తేలుతుంది. 1 వస్తే మామూలు వెంటిలేషన్ చాలు. 2 వస్తే ఫ్యూమ్ హుడ్ (గాలిని బయటికి లాగేసే ల్యాబ్ అర), లేదా దుమ్ము పుట్టిన చోటే లాగేసే ఎగ్జాస్ట్. 3 వస్తే గ్లవ్ బాక్స్ లాంటి మూసిన అమరిక. 4 వస్తే నిపుణుల సలహా లేకుండా పని మొదలుపెట్టకూడదు.

దీని అసలు బలం ‘తెలియదు’ అనే గడిలో ఉంది. ఆ జవాబుకు గరిష్ఠ మార్కుల్లో 75 శాతం పడతాయి. అన్నిటికీ ‘తెలియదు’ అని నింపితే 3వ స్థాయి వస్తుంది; ఒక్క అంశం ‘ఎక్కువ’కు మారినా 4కు చేరుతుంది. కట్టుదిట్టాలు సడలించాలంటే పరీక్ష చేయించి తెలుసుకోక తప్పదు. కొత్త సాంకేతికతల మీద అదుపు ఇలాగే ఉండాలి.

తప్పు జరిగేదీ ఇక్కడే. 20 నానోమీటర్ల వ్యాసమున్న బహుళ గోడల కార్బన్ నానోట్యూబుల పొడిని ముగ్గురు వారానికోసారి, 45 నిమిషాలు, 100 మిల్లీగ్రాములకు మించి తూకం వేస్తారనుకుందాం. ఉపరితలం తెలియదు 7.5, గొట్టం ఆకారం 10, వ్యాసం 5, కరగదు 10, అయిదు ఆరోగ్య ప్రశ్నలకూ తెలియదు 22.5, మామూలు రూపమైన గ్రాఫైట్‌కు 0. మొత్తం 55. అవకాశం వైపు పరిమాణానికి 25, దుముకు 30, ముగ్గురే కాబట్టి 0, వారానికోసారికి 10, 45 నిమిషాలకు 5 కలిపి 70. ఫలితం 3, గ్లవ్ బాక్స్. సరఫరాదారు ఇచ్చే భద్రతా వివరాల పత్రం, అంటే సేఫ్టీ డేటా షీట్‌లో ‘సమాచారం లేదు’ అని ఉన్నచోట ‘హాని లేదు’ అని నింపేస్తే 22.5 మార్కులు ఎగిరిపోతాయి. తీవ్రత 32.5కు పడి, ఫలితం 2 అవుతుంది. పొడి అదే, ఊపిరితిత్తులూ అవే. గ్లవ్ బాక్స్ మాత్రం ఉండదు.

డేటా షీట్‌ను గుడ్డిగా నమ్మకండి. చాలావాటిలో మామూలు పదార్థం వివరాలే దించేసి ఉంటాయి. 9వ విభాగంలో కణాల పరిమాణం, ఉపరితల వైశాల్యం లేకపోతే సరఫరాదారుని అడగండి; వచ్చేదాకా ‘తెలియదు’ అనే రాయండి.

ప్రతి పనికీ వేరే షీట్ నింపాలి: తూకం, మరో పాత్రలోకి మార్చడం, సోనికేషన్ (ధ్వని తరంగాలతో కణాలను ద్రవంలో చెదరగొట్టడం), శుభ్రం చేయడం, వ్యర్థాలు. పొడి బదులు తడి ముద్ద కొంటే తూకం పనికి అవకాశం మార్కులు 50 లోపుకు దిగి ఫ్యూమ్ హుడ్ సరిపోవచ్చు. కానీ సోనికేషన్‌లో తుంపర లేస్తుంది, దానికి మళ్లీ మార్కులు వేయాల్సిందే.

లోపాలూ చిన్నవి కావు. 101 మిల్లీగ్రాములకూ 10 కిలోలకూ ఒకే 25 మార్కులు. ఇది ల్యాబ్ కొలత, ఫ్యాక్టరీది కాదు. మామూలు రూపాన్ని అడిగే వరుస మోసం చేయగలదు. గ్రాఫైట్ పరిమితి ఘనపు మీటరుకు 2 మిల్లీగ్రాములు కాబట్టి అక్కడ సున్నా పడుతుంది. కార్బన్ నానోట్యూబులకు 2013లో అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియాష్ సిఫారసు చేసింది ఘనపు మీటరుకు 1 మైక్రోగ్రామ్, అంటే 2,000 రెట్లు తక్కువ. కాలువలోకి, నేలలోకి పోయేదాని గురించి ఈ పట్టికలో ఒక్క ప్రశ్నా లేదు. పెట్టిన అమరిక పనిచేస్తోందో లేదో కూడా ఇది చెప్పదు. పని జరుగుతుండగా కణాల కౌంటర్‌తో కొలిచి, పని లేనప్పటి గాలితో పోల్చుకోవాలి.

షీట్ మీద తేదీ, నింపినవారి పేరు, ఒక్కో జవాబుకు ఆధారం రాసి ఉంచండి. సరఫరాదారు మారినా, కణాల పూత మారినా మళ్లీ మొదటి గడి నుంచి నింపండి.