మేనేజర్ల ఒత్తిడి: మనిషికి శిక్షణా, పని తీరులో మార్పా?

మేనేజర్ల ఒత్తిడిని తగ్గించడానికి సంస్థల ముందు ప్రధానంగా రెండు దారులున్నాయి: ఒత్తిడిని తట్టుకునేలా మనిషికి శిక్షణ ఇవ్వడం, లేదా ఒత్తిడి పుట్టే పని తీరునే మార్చడం. యాదృచ్ఛికమే గాని, రెండింటికీ 1979తో ముడి ఉంది. ఆ ఏడాది శాస్త్రవేత్త జాన్ కబాట్-జిన్ అమెరికాలో ఒత్తిడి తగ్గించే ధ్యాన శిక్షణకు నాంది పలకగా, పని భారం ఎక్కువై నిర్ణయాధికారం తక్కువైనప్పుడు ఒత్తిడి ముదురుతుందని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ కరాసెక్ ప్రతిపాదించారు.

శిక్షణను త్వరగా మొదలుపెట్టవచ్చు, ఖర్చూ తక్కువే. అయితే సాధన ఆగితే ఫలితమూ సన్నగిల్లుతుంది.

పని తీరును మార్చడం నిదానంగా సాగే వ్యవహారం. గడువులు ఖరారు చేసే సమావేశంలో మేనేజరు మాటకు విలువ ఉండటం, ఆయన సెలవులో ఉన్నప్పుడు సంతకం చేసే అధికారాన్ని మరొకరికి అప్పగించడం వంటివి పై అధికారుల సమ్మతి లేకుండా జరగవు. కానీ ఒకసారి కుదురుకుంటే, ఆ మేనేజరు వెళ్లిపోయి మరొకరు వచ్చినా ప్రయోజనం నిలుస్తుంది, కింది ఉద్యోగులకూ అందుతుంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ను (పని వల్ల పూర్తిగా డస్సిపోవడాన్ని) వ్యాధిగా కాక, అదుపు చేయని పని ఒత్తిడి ఫలితంగా నిర్వచించడం కూడా ఈ వాదనకే బలమిస్తోంది.

దీర్ఘకాలానికి రెండో దారే మేలు. ఇప్పటికే నిద్ర కరువైన మేనేజరును మాత్రం ఆ మార్పులన్నీ పూర్తయ్యే దాకా ఆగమనడం న్యాయం కాదు. అలాంటివారికి శిక్షణ, కౌన్సెలింగ్ ముందుగా అందాలి.