జాన్ ప్రాట్ పద్నాలుగు సోలోలు: ఏళ్ల తరబడి వాయించాక

కవాతు బ్యాండుల్లో కర్రలతో వాయించే స్నేర్ డ్రమ్ (మన సైడ్ డ్రమ్) నేర్చుకునేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు అమెరికన్ డ్రమ్మర్ జాన్ ఎస్. ప్రాట్ పేరు వింటారు. ఆయన 1959లో వేసిన ‘14 మోడరన్ కాంటెస్ట్ సోలోస్’ అనే పుస్తకం, అంటే పోటీల్లో ఒక్కరే వాయించే పద్నాలుగు సోలోలు, చాలా ఏళ్లుగా నా మ్యూజిక్ స్టాండ్ మీదే ఉంటోంది. కొత్తగా కొనేవాళ్లకు ముందే ఒక మాట చెప్పాలి. రెండు వారాల్లో ఏదో ఒకటి పట్టేసి ఇంట్లోవాళ్లకు వినిపించేద్దామనుకుంటే ఈ పుస్తకం జోలికి వెళ్లకండి. డబ్బు దండగ, పైగా చిరాకు.

ప్రాట్ 2020లో పోయారు. ఆయన్ని నేను కలవలేదు, చూడనూ లేదు. నాకు తెలిసిన ప్రాట్ అంతా ఈ పేజీల్లోనే ఉన్నాడు. అలా చూస్తే ఇది పుస్తకం మీద సమీక్షో, ఒక మాస్టారి మీద సమీక్షో నాకే సరిగ్గా తెలియదు.

డ్రమ్ కోర్ అంటే మన దగ్గర చాలామందికి తెలియదు. అమెరికాలో మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మాజీ సైనికుల సంఘాలు ఊరూరా బృందాలు పెట్టాయి. బ్యూగిళ్లు, డ్రమ్ములు, జెండాలు, కవాతు, వాటి మధ్య పోటీలు. న్యూజెర్సీలోని హాథోర్న్ కాబయెరోస్ 1946లో అలాగే పుట్టింది. ప్రాట్ వాళ్లకూ డ్రమ్ నేర్పారు. అంతకుముందు, 1950ల్లో, ఆయన వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలోని హెల్‌క్యాట్స్ దళంలో ఉన్నారు. పొద్దున్నే బ్యూగిళ్లు, డ్రమ్ములతో క్యాడెట్లను నిద్ర లేపడం ఆ దళం పనుల్లో ఒకటి. ఆ పేరు కూడా నిద్ర చెడిన కుర్రాళ్ల నోటి నుంచే వచ్చిందంటారు. ఎన్‌సీసీ క్యాంపులో తెల్లవారుజామున విజిల్ విన్నవాళ్లెవరికైనా ఆ కడుపుమంట అర్థమవుతుంది.

నేనూ ఎన్‌సీసీ బ్యాండులో సైడ్ డ్రమ్ వాయించినవాణ్ణే, వైజాగ్‌లో. అక్కడ కాగితం మీద పాఠం ఏమీ ఉండేది కాదు. హవల్దార్ గారు వాయించేవారు, మేం విని పట్టుకునేవాళ్లం. పట్టా భుజం మీంచి వేసుకుంటే డ్రమ్ ఒక పక్కకి వాలి ఉండేది. అందుకే ఎడమ చేతిలో కర్రను అరచేయి పైకి తిప్పి, బొటనవేలి సందులో పట్టుకోవాలి. ప్రాట్ తరం అమెరికన్ డ్రమ్మర్లదీ అదే పట్టు, అదే కారణం. ఇప్పుడు డ్రమ్ కోర్ వాళ్లు భుజాలకు తొడుక్కునే చట్రం మీద డ్రమ్ము బల్లపరుపుగానే నిలుస్తుంది. అయినా చాలా బృందాలు ఆ పాత పట్టు వదల్లేదు.

ఉద్యోగరీత్యా న్యూజెర్సీ వచ్చాక, పాత డ్రమ్ కోర్ మనిషి ఒకాయన దగ్గర మళ్లీ మొదలుపెట్టాను. నా ఎడమ చేతి పట్టు చూసి ముచ్చటపడ్డారు గానీ వాయించాక ఏమీ అనలేదు. తర్వాతి క్లాసుకి ఈ పుస్తకం తెచ్చి స్టాండ్ మీద పెట్టారు.

ఇందులో పాఠాలుండవు. ఇది ఎందుకు, అది ఎలా అని ఎక్కడా చెప్పదు. పుస్తకం తెరిస్తే సోలోలే. ఫ్లామ్, డ్రాగ్, పారడిడిల్, రటమక్యూ లాంటి రూడిమెంట్లు, అంటే డ్రమ్ వాయించడానికి అక్షరాల్లాంటి చిన్న చిన్న దెబ్బల వరసలు, మీకు ముందే వచ్చని అనుకుని రాసినవి. 1933లో షికాగోలో కొందరు డ్రమ్మర్లు కూర్చుని సంఘం పెట్టుకుని, 26 రూడిమెంట్ల జాబితా తయారు చేశారు. ప్రాట్ ఇల్లు కట్టింది ఆ పునాది మీదే. కాకపోతే వాటిని వరసగా పేర్చకుండా ఒకదానిలోకి ఒకటి గుచ్చి, బలమైన దెబ్బలను మనం ఊహించని చోట పెట్టారు. ఇప్పుడు చూస్తే ఇందులో కొత్తేముంది అనిపించవచ్చు. పెరేడ్ బీట్లు వినడానికి అలవాటుపడిన ఆ కాలం చెవులకు మాత్రం ఇది కొత్తే.

‘స్టాంపింగ్ త్రూ ద బార్ లైన్’ అనే సోలో చూడండి. పేరుకు తగ్గట్టే దెబ్బలు బార్ గీతను, అంటే ఒక ఆవర్తం ముగిసి ఇంకోటి మొదలయ్యే చోటును, ఖాతరు చేయవు. కూర్చుని వాయిస్తే ఫరవాలేదు, వచ్చేసినట్టే ఉంటుంది. లేచి నిలబడి, కవాతులో లాగా ఎడమ కాలు మొదటి బీట్ మీద వేస్తూ వాయిస్తే అసలు రంగు బయటపడుతుంది. పాదం ఒక చోట పడుతుంటే చేతిలోని బరువు ఇంకో చోట పడుతుంది. రెండింటిలో ఏదో ఒకటి రెండోదాన్ని లాక్కుపోతుంది. నా విషయంలో ఎప్పుడూ చేయే కాలిని లాగేది. మాస్టారు నా కర్రలు లాక్కుని, ఆ వాక్యాలన్నీ నోటితో చెప్పమనేవారు, కాలు ఆపకుండా. మృదంగం నేర్చుకునే పిల్లలు చేత్తో తాళం వేస్తూ జతులు చెబుతారు కదా, అదే పద్ధతి. నోటికి వచ్చాక చేతికి రావడానికి పెద్దగా పట్టలేదు. ఇది పుస్తకంలో రాసి ఉండదు, మీరే చేసుకోవాలి.

ఇక రోల్స్. ఒక్కో చేత్తో రెండేసి దెబ్బలు, రెండూ విడివిడిగా వినపడాలి. వేగం పెరిగినా జరజరమని కలిసిపోకూడదు. చేతుల్లో ఏది బలహీనమో ప్రాట్ రోల్స్ ఇట్టే పట్టేస్తాయి. రెండో దెబ్బ పీలగా పడేది ఎప్పుడూ నా ఎడమ చేతిదే. ఎడమ చేత్తో మొదలయ్యే ఫ్లామ్‌లూ (అసలు దెబ్బకు రవ్వంత ముందు ఒక చిన్న దెబ్బ) అంతే. ఆయన కుడి చేతికి ప్రత్యేకంగా ఏ రాయితీ ఇవ్వలేదు. కుడి చేత్తో వచ్చిన మాట కాసేపట్లో ఎడమ చేత్తో ఎదురవుతుంది. అక్కడ చేతులు మార్చేసి తప్పించుకోవచ్చు గానీ, ఆ తర్వాతి వాక్యం తలకిందులవుతుంది. ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చింది ఇదే. ఏ మాస్టారూ పక్కన లేకపోయినా దొంగాట సాగనివ్వదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పద్నాలుగూ ఒకే ఎత్తులో లేవు. ఒకటి రెండు సంగీతంలా కాక పరీక్ష పేపర్‌లా అనిపిస్తాయి. ఆ కాలం పోటీలను బట్టి చూస్తే కారణం తెలుస్తుంది. డ్రమ్ కోర్ పోటీల్లో జడ్జీలు మైదానంలోకే వచ్చి, పక్కనే నడుస్తూ, ప్రతి తప్పుకీ పాయింటులో పదో వంతు కోసేవారు. 1980ల మొదటివరకూ ఆ పద్ధతి నడిచింది. అలాంటి వాతావరణంలో పెరిగిన చేతికి శుభ్రతే సంగీతం. నిశ్శబ్దానికి, మెల్లగా పెరిగే ధ్వనికి చోటు తక్కువ. ఆ రుచి కావాలంటే వేరే పుస్తకాలు చూసుకోవాలి.

నా కాపీ బైండింగ్ రెండో ఏడాదికే ఊడింది. స్టాండ్ మీద తెరిచిపెట్టి వాడే పుస్తకానికి ఆ జిగురు ఏమాత్రం సరిపోదు. స్పైరల్ వేయించుకున్నాక సుఖంగా ఉంది.

డ్రమ్ముకు బదులు సాధనకు వాడే ప్యాడ్ సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు మార్చింగ్ డ్రమ్ముల మీద కెవ్లార్ అనే గట్టి కృత్రిమ నార చర్మాలు వస్తున్నాయి, బల్లలా గట్టిగా ఉంటాయి. అలాంటి గట్టి ప్యాడ్ మీద కర్ర తనంతట తనే ఎగురుతుంది కాబట్టి ప్రాట్ రోల్స్ తేలికైపోయాయనే భ్రమ కలుగుతుంది. నేను మాత్రం మెత్తటి రబ్బరు ప్యాడ్ మీదే, కాస్త బరువైన కర్రలతో సాధన చేస్తాను. అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాటు వాళ్లతో గొడవా తప్పింది.

ప్రాట్ పోయారన్న వార్త మాస్టారే ఫోన్ చేసి చెప్పారు. కరోనా రోజులు, ఎవరూ ఎవరింటికీ వెళ్లడం లేదు. ఈ పుస్తకంలోని ‘మై ఫ్రెండ్ నార్మన్’ సోలో ఇద్దరం కలిసి వాయిద్దామన్నారు, ఫోన్ స్పీకర్‌లో పెట్టి. అవతలి శబ్దం ఆలస్యంగా వస్తుంటే ఎక్కడ కలుస్తుంది? రెండు వరుసలు దాటేసరికి ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. తర్వాత ఆయన ఒక్కరే మొదటి నుంచీ వాయించారు, నేను విన్నాను. 2002లో తాళవాద్యకారుల సంస్థ పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ ప్రాట్‌ను తమ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది. మాస్టారికి ఆ గౌరవాల మీద పెద్ద పట్టింపు లేదు. ఆయన లెక్క వేరే. ఇప్పటికీ కుర్రాళ్లు ఆడిషన్లకు ఈ సోలోలు పట్టుకుని వస్తున్నారా లేదా అన్నదే చూస్తారు. వస్తున్నారు.

నన్నడిగితే ఐదుకి నాలుగున్నర. ఆ అర తగ్గింది బైండింగ్‌కి, పరీక్ష పేపర్ సోలోలకి. రూడిమెంట్లు ఇంకా తడబడుతుంటే ఆరు నెలలు ఆగి కొనండి. కొన్నాక మొదటి పేజీ నుంచే మొదలుపెట్టాలన్న నియమం పెట్టుకోకండి. పేజీలు తిరగేసి, మీ ఎడమ చేతికి తక్కువ భయం వేసేది ఏదో చూసుకుని, లయ చెప్పే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 బీట్ల మీద పెట్టి, నిలబడి మొదలుపెట్టండి.