చెర్రీ టమాటా: పెరటి మడిలోనా, డాబా మీద గ్రోబ్యాగులోనా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి వెనక చిన్న పెరడుంది, పైన డాబా ఉంది. చెర్రీ టమాటా రెండు చోట్లా పెంచి చూశాను. ఎక్కడ వేస్తే మేలని ఎవరైనా అడిగితే ముందు నేనే ఒకటి అడుగుతాను: మీ పెరట్లో ఎప్పుడైనా వంగ మొక్క పచ్చగా ఉండగానే తలవాల్చి చచ్చిపోయిందా?

అవునంటే అది బాక్టీరియా వల్ల వచ్చే వడలు తెగులు కావచ్చు. ఒడిశాలో, ముఖ్యంగా పుల్లనేలల్లో (ఆమ్ల నేలల్లో), టమాటాకి దీని బెడద ఎక్కువ. ఆకు పండదు, మచ్చ పడదు. మధ్యాహ్నం వాడిన మొక్క సాయంత్రానికి కాస్త లేస్తుంది, నాలుగు రోజులకి ఇక లేవదు. అనుమానముంటే కాండాన్ని మొదలు దగ్గర కోసి, కోసిన కొన గాజుగ్లాసులోని నీళ్ళలో మునిగేలా పట్టుకోండి. కాసేపటికి పాలదారంలాంటిది కిందికి జారితే ఆ బాక్టీరియానే. దానికి మందు లేదు, మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. మా పక్కింటివాళ్ళు ఒడియాలో టమాటాని ‘బిలాతి బైగొణ’ అంటారు, అంటే సీమ వంకాయ. పేరులోనే ఉంది చుట్టరికం: వంగకి పట్టింది దీనికీ పడుతుంది, మిరపకి కూడా.

భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ తెగులుని తట్టుకునే ఉత్కల్ కుమారిలాంటి రకాలు ఇచ్చింది. కానీ అవి మామూలు టమాటాలు. నేను కొన్న చెర్రీ ప్యాకెట్ల మీద వడలు తెగులు మాటే లేదు. కాబట్టి తెగులున్న పెరడైతే గ్రోబ్యాగే, మరో ఆలోచన వద్దు.

అయితే నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. నేలంటే భయపడి డాబా ఎక్కాను. బ్యాగులు నింపడానికి మట్టి మాత్రం అదే పెరట్లోంచి తవ్వుకెళ్ళాను! రెండు మొక్కలు పూత మీదుండగా వాలిపోయాయి. తెగులుని నేనే మెట్లెక్కించానన్నమాట. ఇప్పుడు వంగ, టమాటా ఎన్నడూ వేయని చోటి మట్టి తెచ్చి, సమానంగా వర్మీకంపోస్టు, కొబ్బరిపొట్టు కలుపుతున్నాను. పెరట్లో వాడిన గునపాన్ని కడగకుండా పైకి తీసుకెళ్ళను.

తెగులు లేని నేలైతే మాత్రం మడే గెలుస్తుంది. చెర్రీ రకాల్లో చాలావరకు తీగలా సాగేవే, మనిషి ఎత్తు దాటతాయి. నేలలో వేరు లోతుకి దిగుతుంది కాబట్టి ఒక పూట నీళ్ళు మరిచినా మొక్క ఓర్చుకుంటుంది. బ్యాగులో ఆ వెసులుబాటు లేదు. మార్చి ఎండలకి రెండు పూటలా పోయాల్సిందే. ఒకరోజు శ్రీకాకుళం పెళ్ళికెళ్ళి వచ్చి, వాడిన మొక్కలకి కంగారుగా బకెట్లు కుమ్మరించాను. తెల్లారేసరికి పండినవన్నీ పగుళ్ళే. బ్యాగు ఇరవై లీటర్లకి తగ్గకూడదు. పది లీటర్ల పెయింటు డబ్బాలో వేసిన మొక్క గుప్పెడు కాయలిచ్చి ఊరుకుంది. చోటు తక్కువైతే గుబురుగా పెరిగే పొట్టి రకం వెతుక్కోండి.

ఎండ విషయంలో డాబాదే పైచేయి. టమాటాకి రోజుకి ఆరు గంటల ఎండైనా పడాలి, మా పెరట్లో సగం పనస చెట్టు నీడే. గాలి విషయంలో లెక్క తిరగబడుతుంది. అక్టోబరులో నారు నాటే వేళకే తుఫాన్ల భయం. 2018లో తిత్లీని చూసినవాళ్ళం, ఊతకర్రని పిట్టగోడకి కట్టకుండా నిద్రపోం. ఒక సుఖముంది, గాలి ముదిరితే లేత మొక్కల బ్యాగుల్ని మెట్లగదిలోకి లాక్కోవచ్చు.

ఖర్చు మడికే తక్కువ, అందులో చెప్పేదేముంది.

ఎక్కడ వేసినా నారుని కాండం కొంత మట్టిలోకి పోయేలా లోతుగా నాటండి, పూడిన చోటల్లా వేళ్ళొస్తాయి. మొదటి పూలగుత్తి కింది పిలకలు తుంచేయండి.

ఈ ఏడు నూతి పక్కన మూడు మొక్కలు నేలలోనే వేస్తున్నాను. అక్కడ ఇంతకాలం అరటి తప్ప మరొకటి లేదు. డాబా మీద రెండు బ్యాగులు మాత్రం ఉంచాను, అవి పిల్లలకి, కోసినవి కోసినట్టే నోట్లో వేసుకోవడానికి. మా అత్తగారికి మాత్రం ఇవి రామ్ములక్కాయలే (టమాటాలే) కావు. చారులో వేస్తే తొక్కలు ఏరుకోవడమే సరిపోతుందని, పప్పులోకి పెద్దవి బజారు నుంచి తెప్పిస్తూనే ఉన్నారు.