కర్రీ పాయింట్ పార్శిల్: స్టీలు డబ్బానా, కంపోస్టబుల్ ప్యాకింగా?

వేడి సాంబారు, పప్పు అమ్మే కర్రీ పాయింట్‌కు స్టీలు డబ్బానే మేలు. కంపోస్టబుల్ సరుకు, అంటే కుళ్లి ఎరువుగా మారేది, చెడ్డదని కాదు, దాన్ని సరిగ్గా కుళ్లబెట్టే ఏర్పాటు చాలా ఊళ్లలో లేదు.

కంపోస్టబుల్ కవరు కొనేముందు దాని మీద ఐఎస్ 17088 (కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు భారత ప్రమాణం), కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ నంబరు ఉన్నాయేమో చూడండి. ఆ ప్రమాణం పరీక్షించేది సుమారు 58 డిగ్రీల వేడిలో. పెరటి కంపోస్టు తొట్టిలో అంత వేడి నిలవదు, అందుకే నెలలు గడిచినా కవరు పీలికలుగానే మిగులుతుంది. మామూలు పీఎల్ఏ (మొక్కల పిండి పదార్థంతో చేసే కంపోస్టబుల్ ప్లాస్టిక్) డబ్బాలైతే 60 డిగ్రీల లోపే మెత్తబడతాయి. పొయ్యి మీంచి దించిన సాంబారు పోస్తే వంకర తిరిగి, మూత వదులై కారుతుంది. చూడ్డానికి నీళ్ల సీసాల పెట్ ప్లాస్టిక్‌లాగే ఉండటంతో పాత సామాన్ల మూటలో కలిసి, రీసైక్లింగ్ సరుకునూ పాడుచేస్తుంది.

స్టీలుతో చిక్కులు వేరు. ఖాళీ డబ్బాను కాటా మీద పెట్టి, టేర్ నొక్కి సున్నా చేశాకే కూర వేయాలి. మూత రబ్బరు రింగు ఊడదీసి కడగాలి, లేకపోతే కింద పులుసు చేరి వాసన పట్టేస్తుంది. బోర్లించి పూర్తిగా ఆరాకే మూత పెట్టాలి. కస్టమర్ దగ్గర తీసుకునే డిపాజిట్, డబ్బా ధరకు దగ్గరగా ఉండాలి, తక్కువైతే డబ్బాలు తిరిగి రావు. కస్టమరే సొంత క్యారేజీ తెస్తే మరీ మంచిది, బిల్లులో ప్యాకింగ్ ఖర్చు తగ్గించండి.

ఇడ్లీ, పొడి వేపుళ్లకు ఈ రెండూ అక్కర్లేదు, అరిటాకు చాలు. పైన న్యూస్‌పేపర్ మాత్రం చుట్టొద్దు, సిరా తిండికి అంటుతుంది.