న్యూయెల్ హైవే మీద నాలుగు రోజులు: ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగక్కర్లేదు

బ్రిస్బేన్‌లో మా బావమరిది గృహప్రవేశం. మేముండేది మెల్‌బోర్న్‌లో. విమానం ఎక్కితే రెండున్నర గంటల్లో దిగిపోవచ్చు. కానీ ఏప్రిల్ సెలవులు, నలుగురికి టికెట్లు, దాంతోపాటు ఇత్తడి గంగాళం, మా ఆవిడ పుట్టింటికి పట్టుకెళ్లాలనుకున్న రెండు పెట్టెల సామాను. లెక్క వేసి కారులోనే, న్యూయెల్ హైవే మీదుగా వెళ్దామన్నాను. సిడ్నీ మీదుగా సముద్రపు ఒడ్డున పొమ్మన్నారు స్నేహితులందరూ. "న్యూయెల్ మీదా? అక్కడేముంది, గడ్డి, లారీలు తప్ప" అన్నారు. ఆ మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు. దృశ్యాల కోసమే అయితే ఈ రోడ్డు ఎక్కకండి. ఎక్కితే మాత్రం రెండు రోజుల్లో ఉరుకులు పరుగులుగా లాగించకండి. మేం వెళ్లేటప్పుడు మూడు రాత్రులు ఆగి వెళ్లాం. తిరుగు ప్రయాణంలో నేనొక్కణ్ణే, ఒక్క రాత్రి ఆగి వచ్చేశాను. రెండూ చూశాకే ఈ మాట చెబుతున్నాను.

ముందు రోడ్డు సంగతి. విక్టోరియా సరిహద్దులో, మర్రే నది ఒడ్డున ఉన్న టొకమ్‌వాల్ దగ్గర మొదలై, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాన్ని నిట్టనిలువుగా దాటుకుంటూ, క్వీన్స్‌ల్యాండ్ సరిహద్దులో గూండివిండి దగ్గర ఆగుతుంది. సుమారు 1060 కిలోమీటర్లు. మెల్‌బోర్న్ నుంచి టొకమ్‌వాల్‌కి, గూండివిండి నుంచి బ్రిస్బేన్‌కి కూడా కలుపుకుంటే దాదాపు 1700. ఆ రాష్ట్ర రోడ్ల శాఖ కమిషనర్‌గా పనిచేసిన హెచ్.హెచ్. న్యూయెల్ పేరు 1938లో దీనికి పెట్టారు. అంటే ఒక్కసారిగా కొత్తగా వేసిన దారి కాదు. ఊరికీ ఊరికీ మధ్య ఉన్న మట్టిదారుల్ని, పశువుల్ని తోలుకెళ్లే బాటల్ని కలిపి ఒక పేరు, ఒక నంబరు ఇచ్చారు. ఇప్పుడు బోర్డుల మీద ఏ39 అని ఉంటుంది. ఆ పశువుల బాటల ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. చాలాచోట్ల రోడ్డుకీ పొలం కంచెకీ మధ్య, ఇంకో రోడ్డు పట్టేంత వెడల్పున గడ్డి వదిలేసి ఉంటుంది.

సిడ్నీ రద్దీలో ఇరుక్కోకుండా మెల్‌బోర్న్, బ్రిస్బేన్ల మధ్య సరుకు తిరిగేది దీని మీదే. అందుకే లారీలు. రెండు ట్రైలర్ల లారీ ఎదురొచ్చిన ప్రతిసారీ కారు ఒకసారి పక్కకి ఊగుతుంది. మొదటి గంటలో మా ఆవిడ తలుపు పైనున్న పిడి వదల్లేదు. ఎక్కువ దూరం అటొక వరస, ఇటొక వరసే. ముందున్న లారీని దాటాలని తొందరపడకండి, కొన్ని కిలోమీటర్లు ఓపిక పడితే దాటడానికని ప్రత్యేకంగా మూడో వరస వస్తుంది. ఎన్ని కిలోమీటర్లలో వస్తుందో బోర్డు కూడా పెడతారు.

మొదటి రోజు పొద్దున ఐదున్నరకే బయలుదేరాం. టొకమ్‌వాల్ దాటాక ఫిన్లీ, జెరిల్డరీ. ఇది వరి పండే ప్రాంతం, అప్పటికి కోతలు నడుస్తున్నాయి. జెరిల్డరీలో టీకి ఆగాం. 1879 ఫిబ్రవరిలో నెడ్ కెల్లీ అనే బందిపోటు ముఠా ఈ ఊళ్లోకి దిగి, పోలీసులను వాళ్ల స్టేషన్లోనే బంధించి, వాళ్ల యూనిఫారాలే తొడుక్కుని ఊళ్లో తిరిగింది. బ్యాంకు దోచింది, టెలిగ్రాఫ్ తీగలు తెంపింది. అంతకన్నా నాకు నచ్చింది, దోపిడీతో పాటు అచ్చు వేయించమని కెల్లీ ఒక ఉత్తరం తెచ్చుకోవడం. దాదాపు ఎనిమిది వేల మాటల ఉత్తరం, పోలీసుల మీద తిట్లు, తన గోడు. అచ్చువేసేవాడు దొరకలేదు. ఆ ఉత్తరం ఇప్పుడు మా మెల్‌బోర్న్‌లోనే, స్టేట్ లైబ్రరీలో ఉంది. ఊరికి అరగంట చాలు. పార్కులో మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి. ఈ దారిలో నాకు అన్నిటికన్నా నచ్చిన సౌకర్యం అదే. ఎంత చిన్న ఊరైనా పార్కు, బల్లలు, నీళ్ల కుళాయి, శుభ్రమైన దొడ్డి, అన్నీ ఉచితం. అమ్మ కట్టించిన పులిహోర, పెరుగన్నం నాలుగు ఊళ్ల బల్లల మీద తిన్నాం.

తిండి గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. శాకాహారులు ఈ దారిని నమ్ముకోకండి. బేకరీల్లో పాలకూర, చీజ్ పెట్టిన రోల్ ఒకటి దొరుకుతుంది, లేదంటే బంగాళదుంప చిప్సు. దారిలో వచ్చే డబ్బో అనే ఊళ్లో మన భోజనం దొరుకుతుంది కానీ దానికోసం డబ్బోలో పడుకోనక్కర్లేదు. చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ సీసా, కందిపొడి ఉంటే చాలు. మోటెల్ గదుల్లో కెటిల్, చిన్న ఫ్రిజ్ ఎలాగూ ఉంటాయి. పోపు మాత్రం గదిలో పెట్టకండి, పొగ అలారం మోగిందంటే ఊరంతా లేస్తుంది.

నరాండెరా, వెస్ట్ వయాలంగ్ దాటి ఫోర్బ్స్ చేరేసరికి సాయంత్రం ఐదు. వెస్ట్ వయాలంగ్ ప్రధాన వీధి తిన్నగా ఉండదు, వంకర తిరుగుతుంది. చెట్లని తప్పించుకుంటూ ఎడ్లబండ్లు నడిచిన బాటనే వీధి చేసేశారట. ఫోర్బ్స్‌లో ముందే గది తీసుకున్నాం, కానీ అక్కడికి వెళ్తే "మీ పేరు మీద ఏమీ లేదే" అన్నారు. ఆన్‌లైన్లో డబ్బు కట్టిన రసీదు చూపించినా, మధ్యలో ఉన్న బుకింగ్ సైటువాళ్లు మాకు పంపలేదని చేతులెత్తేశారు. పక్కనే ఇంకోచోట 160 డాలర్లకి గది దొరికింది. ఆ ఇంటాయన మమ్మల్ని చూసి అడక్కుండానే అమ్మ మంచం మీద ఇంకో దుప్పటి వేశాడు. అప్పటినుంచి మిగతా రెండు రాత్రులకీ నేరుగా ఫోన్ చేసి బుక్ చేశాను. చవకా కాదు, ఖరీదూ కాదు, కాకపోతే మనిషి గొంతు వింటాం. ఒక్కటి గుర్తుంచుకోండి, ఎనిమిది దాటితే ఆఫీసు మూసేస్తారు. ఆలస్యమైతే ముందే చెబితే తాళం తలుపుకే వదిలేస్తారు.

ఫోర్బ్స్ చెరువు గట్టు పొద్దున నడకకి బాగుంటుంది. 2022 నవంబరు వరదల్లో ఈ ఊరు బాగా మునిగింది, ఈ హైవే కూడా నీళ్లలో తెగిపోయింది. వానాకాలమనేమీ లేదు ఇక్కడ, బయలుదేరే ముందు రోడ్డు తెరిచి ఉందో లేదో చూసుకోవడం మంచిది. 1865లో పోలీసులు కాల్చి చంపిన బెన్ హాల్ అనే బందిపోటు సమాధి ఊరి శ్మశానంలో ఉంది. అమ్మ రానంది, తెల్లారే శ్మశానం ఏంట్రా అని. నేనూ వెళ్లలేదు.

రెండో రోజుది అసలైన దారి. పార్క్స్ అనే ఊరు దాటి ఇరవై కిలోమీటర్లు పోయాక, గొర్రెలు మేసే పొలాల మధ్య తెల్లని బూరెల మూకుడంత కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే అది 64 మీటర్ల రేడియో దూరదర్శిని, 1961 నుంచి పనిచేస్తోంది. ప్రవేశం ఉచితం. ఫోన్లు ఆపమంటారు, ఆపండి. నక్షత్రాల నుంచి వచ్చే ఆ సన్నటి సంకేతాల ముందు మన ఫోను గావుకేకే. మేం కాఫీ తాగుతూ ఉండగా ఆ వెయ్యి టన్నుల మూకుడు చప్పుడు లేకుండా తిరగడం మొదలుపెట్టింది. మొదట మబ్బులు కదులుతున్నాయనుకున్నాం. మా పాప చూసి "నాన్నా, అదే తిరుగుతోంది" అంది.

1969లో చంద్రుడి మీద మనిషి దిగినప్పటి టీవీ బొమ్మలు ఇక్కడినుంచే వచ్చాయని అందరూ అంటారు. కొంచెం తేడా ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్ మొదటి అడుగు బొమ్మ కాన్‌బెర్రా దగ్గర హనీసకల్ క్రీక్ అనే చోట అందుకున్నది. కొన్ని నిమిషాల తర్వాత చంద్రుడు పార్క్స్‌కి సరిగ్గా అందాడు, మిగతా రెండు గంటలకి పైగా ప్రసారం ఇక్కడిది. ఆ రోజు పెనుగాలి, గంటకి 110 కిలోమీటర్ల వేగంతో. అంత గాలిలో మూకుణ్ణి తిప్పకూడదు, అయినా తిప్పారు. ఇది చూడకుండా దాటిపోయేవాళ్లు ఈ దారిన రాకపోయినా ఒకటే.

డబ్బోలో 1977లో తెరిచిన పెద్ద జూ ఉంది. బాగుంటుందనే అంటారు, కానీ రోజంతా పడుతుంది, టికెట్లూ తక్కువేం కాదు. మేం వదిలేశాం. పాప అలిగింది. దానికి మందు డబ్బోలోనే దొరికింది. అక్కడినుంచి కూనబరాబ్రన్ దాకా సౌర కుటుంబాన్ని 3 కోట్ల 80 లక్షల రెట్లు కుదించి రోడ్డు పక్కన బోర్డులుగా పెట్టారు. ప్లూటో డబ్బోలో. సూర్యుడు కొండ మీద, సైడింగ్ స్ప్రింగ్ వేధశాల గుమ్మటం. మొదట్లో గ్రహానికీ గ్రహానికీ మధ్య ఎంతసేపు పోయినా రాదు. పాప "ఇంకా ఎంత ఖాళీ?" అని అడుగుతూనే ఉంది. కొండ దగ్గరపడేసరికి గ్రహాలు వరసగా వచ్చేస్తాయి. బడిలో పటం చూసి రాని తెలివి ఆ ఖాళీ దారిలో వచ్చింది దానికి. మధ్యలో గిల్‌గాండ్రా. 1915లో కొద్దిమంది ఇక్కడినుంచి యుద్ధానికని సిడ్నీకి నడక మొదలుపెట్టి, దారిపొడుగునా కుర్రాళ్లని చేర్చుకుంటూ 263 మందితో చేరారట.

కూనబరాబ్రన్‌లో రాత్రి ఉండండి. డబ్బో కన్నా ఊరు చిన్నది, గదులు పాతవి, మా గదిలో హీటరు కాలిన దుమ్ము వాసన కొట్టింది, అయినా ఇక్కడే ఉండండి. వేధశాలలో సందర్శకులకి పగలే అనుమతి. 3.9 మీటర్ల దూరదర్శిని ఉన్న గుమ్మటాన్ని సాయంత్రం మూడున్నరకల్లా చూసొచ్చాం. 2013 జనవరిలో కార్చిచ్చు వచ్చి చుట్టుపక్కల 50కి పైగా ఇళ్లు కాలిపోతే దూరదర్శినులు బతికిపోయాయి, కాలిన మానులు ఇంకా కొండంతా ఉన్నాయి. రాత్రి మోటెల్ వెనక లైట్లు లేని చోట కుర్చీలు వేసుకున్నాం. పాలపుంత అంటే ఏమిటో నలభై రెండేళ్లకి తెలిసింది నాకు. అమ్మ కాసేపు చూసి, "మన చిన్నప్పుడు డాబా మీద పడుకుంటే ఇంతే ఉండేది కదరా, ఇక్కడిదాకా రావాలా" అని లోపలికి వెళ్లిపోయింది.

మూడో రోజు పిల్లిగా అడవి. ఫోను సిగ్నల్ పోతుంది, పెట్రోలు నింపుకుని దిగండి. ఆ తర్వాత నరాబ్రై, అక్కడినుంచి మొరీ దాకా నల్లరేగడి. రోడ్డు అలలు అలలుగా లేస్తుంది. వానకి ఉబ్బి, ఎండకి బీటలు తీసే నేల మీద ఎంత గట్టిగా వేసినా తారు నిలవదు, అందుకే ఎప్పుడూ ఏదో ఒకచోట పని జరుగుతూనే ఉంటుంది. ఇదే నేల ఖమ్మం వైపు మాకూ ఉంది. అమ్మ అద్దంలోంచి చూస్తూ ఉన్నట్టుండి లేచి కూచుంది: "పత్తి!"

పత్తే. కనుచూపు మేర. తీసిన పత్తిని యంత్రమే గుండ్రంగా చుట్టి, పసుపు, గులాబీ రంగు ప్లాస్టిక్కు తొడిగి పొలంలో దొర్లించేస్తుంది. ఒక్కో చుట్ట మా కారంత. లారీలనుంచి రాలిన దూది రోడ్డు అంచునంతా తెల్లగా పరుచుకుని ఉంది. ఆపమంది. విశాలమైన చోటు చూసి ఆపాను. అమ్మ వంగి ఒక పిడికెడు తీసి, గింజ వేరుచేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పోగు లాగింది. లాగి, తెగేదాకా చూసి, "పొడుగుందిరా" అంది. నాన్న ఉన్నప్పుడు మార్కెట్ యార్డులో కొనేవాళ్లు ఇలాగే లాగి చూసేవాళ్లు. తర్వాత అడిగింది, "ఏరేవాళ్లేరి?" ఎవరూ లేరు. దూరంగా ఒక యంత్రం, దాంట్లో ఒక మనిషి. గింజలన్నీ అక్కడే పారేసి, దూదిని చీర కొంగున ముడేసుకుంది.

మొరీలో వేడినీటి కొలనులు. 1895లో సాగుకని బోరు వేస్తే నేల అడుగునుంచి వేడినీళ్లు ఎగదన్నాయి. పంటకి పనికిరాలేదు, కీళ్లనొప్పులకి పనికొచ్చాయి. నీళ్లు 41 డిగ్రీలు. పెద్ద కొలను ఊళ్లో ఉంది, కానీ నా సలహా, సొంత వేడినీటి కొలనున్న మోటెల్‌లో దిగండి, అలాంటివి ఇక్కడ చాలా ఉన్నాయి. మాది 185 డాలర్లు. పెద్ద కొలనుకి ఈతబట్టలు కావాలి, ఇక్కడ రాత్రి తొమ్మిదికి ఎవరూ లేరు, అమ్మ నైటీతోనే దిగింది. దారి మొత్తం మీద ఆవిడ మెచ్చుకున్న ఒకే ఒక్క డబ్బు ఖర్చు అది.

ఆ ఊరి కొలనుకి ఇంకో కథ ఉంది. ఆదివాసులని అందులోకి రానివ్వకుండా మునిసిపాలిటీయే నిబంధన పెట్టింది. 1965 ఫిబ్రవరిలో చార్లెస్ పెర్కిన్స్ నాయకత్వంలో సిడ్నీ విశ్వవిద్యాలయం విద్యార్థులు బస్సు వేసుకొచ్చి, ఆదివాసీ పిల్లల్ని వెంటబెట్టుకుని కొలను గేటు దగ్గర నిలబడ్డారు. రాళ్లు, గుడ్లు పడ్డాయి. నీళ్లలో కూచుని అమ్మకి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మన ఊళ్లో మంచినీళ్ల బావి దగ్గర మేమేం చేశామో అదేగా" అంది. మా ఇంట్లో ఆ "మేము" అనే మాట వినడం నాకదే మొదటిసారి.

నాలుగో రోజు గూండివిండి, టూవూంబా, బ్రిస్బేన్. చెప్పడానికి పెద్దగా లేదు, వంతెన దాటితే మెకింటైర్ నది అవతల రాష్ట్రం మారుతుంది.

తిరుగు ప్రయాణం విమానంలో వాళ్లు, కారులో నేను. పంతం కొద్దీ రెండు రోజుల్లో. డబ్బోలో హైవే పక్కనే గది తీసుకున్నాను, కొత్తది, శుభ్రమైనది, మంచి మంచం, రాత్రంతా లారీల గాలి బ్రేకుల బుస్సు బుస్సులు. అక్కడికి చేరే ముందు, సందెవేళ గిల్‌గాండ్రా ఇవతల ఒక కంగారూ దీపాల ముందుకి గెంతింది. ఒక చెయ్యి దూరంలో తప్పింది. చేతులు వణికి పావుగంట పక్కన ఆపుకున్నాను. ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక ఆరుకల్లా చీకటి పడుతుంది, ఐదు దాటాక ఈ రోడ్డు మీద ఉండకండి.

అన్నట్టు గృహప్రవేశం బాగా జరిగింది. పొద్దున నాలుగింటికి దీపం పెట్టే వేళకి ఒత్తులు కనపడలేదు, పెట్టెలన్నీ వెతికారు. అమ్మ కొంగు విప్పింది. మొరీ దాటాక కారులో వెనక కూచుని, ఏమీ మాట్లాడకుండా తొడ మీద చేస్తున్నవి అవేనన్నమాట, ఇరవై ఒకటి.